పడుకున్న దుంప

రాజోలు దగ్గర అరటితోటల మధ్య పెరిగిన లక్ష్మీతులసికి ప్రతి మొక్కా అరటిలాంటిదే. గెల కోసి చెట్టు నరికితే పక్కనే పిలక లేవాలి. అందుకే చలికాలం చివర, పూత అయిపోయిన బంతి మొక్కల్ని మొదలంటా నరికింది. ఆకులెండిన లిల్లీ దుంపల్ని చచ్చాయనుకుని కొబ్బరి డొక్కల కుప్ప మీద పారేసింది. ఆపైన బంతి మోళ్లకి రోజూ బిందెడు నీళ్లు మోసింది.

ఎండలు ముదిరినా చిగురు రాలేదు. విత్తనాల కొట్టువాణ్ణి తిట్టిపోసింది.

"బంతికి పిలకలుండవు తులసీ. గింజ కట్టిందంటే దాని పనైపోయినట్టే," అన్నాడు భర్త బంగారరాజు, వల బాగుచేసుకుంటూ.

"ఆయ్. ఇన్నాళ్లూ నేను నీళ్లు మోస్తుంటే చూస్తూ కూర్చుని, ఇప్పుడు చెబుతున్నారా?"

మే నెలలో తొలివాన పడింది. వారం తిరిగేసరికి ఓ పొద్దున్నే డొక్కల కుప్పలోంచి పిడికిలంత ఎర్రటి లిల్లీ పువ్వు తలెత్తింది. లక్ష్మీతులసి బిందె చంకనుంచి దించకుండా దానివంకే చూసింది.

"దుంప చావలేదు, పడుకుంది," అన్నాడు బంగారరాజు నవ్వాపుకుంటూ.

"పడుకునేది చెప్పి పడుకోవాలండి. చచ్చినట్టు పడుంటే పారెయ్యరా మరి?"