టెంకకు తగ్గ కండ

నాకు ముక్కు మీద కోపం. ఈ సంగతి ఒప్పుకోవడానికి అరవై ఒక్క ఏళ్ళు పట్టింది. మా ఆవిడ పెళ్ళైన మూడో రోజే చెప్పింది గానీ, అప్పుడు ఆ మాటకే కోపం వచ్చింది. ఇప్పుడు చెప్పబోయేది నా గురించి కాదు, సైకిల్ కొట్టు రమణమ్మ గురించి. కాకపోతే నా కోపం లేకుండా ఆవిడ కథ చెప్పడం కుదరదు. అందుకని ముందు దాన్ని కాస్త భరించండి.

నూజివీడు నుంచి చాట్రాయి వెళ్ళే రోడ్డులో, ఊరు దాటుతుంటే ఎడమ చేతివైపు ఒక రేకుల కొట్టు ఉంటుంది. బోర్డు ఒకప్పుడు ఉండేది. గాలివానకి ఎగిరిపోతే మళ్ళీ పెట్టించలేదు. ముందు నీళ్ళ తొట్టె, పక్కన గాలి పంపు, గోడ నిండా మేకులకు వేలాడే పాత టైర్లు. ఆ తొట్టె దగ్గర చిన్న పీట మీద కూర్చుని, చక్రాన్ని తిప్పుతూ, ఒక కన్ను మూసి వంకర చూస్తూ, పుల్లలు బిగిస్తూ కనిపించే మనిషే రమణమ్మ. ఆవిడకి అరవై ఆరేళ్ళు. చీర కొంగు నడుముకు దోపి ఉంటుంది. కుడిచేతి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉంటుంది.

ఆవిడ పుట్టిల్లు బాపులపాడు దగ్గర. కూలి కుటుంబం. పెళ్ళి కాకముందు నుంచీ మామిడి తోటల్లో కాయ ఏరే పనికి వచ్చేది. కాయను అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి, ఇది రేపటికి పండుతుంది, ఇది ఎల్లుండికి అని చెప్పేసేది. మా నాన్న అంతటి మనిషి కూడా "ఆ పిల్ల చెబితే తిరుగులేదు" అనేవాడు. మా నాన్న ఎవరినీ మెచ్చుకునే రకం కాదు. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందనుకున్నారు?

ఆ సైకిల్ కొట్టు ఆవిడ భర్తది. వెంకటేశ్వర్లు మేస్త్రి అనేవాళ్ళం. గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చేవాడు. మా ఈడు వాళ్ళమంతా ఆ అద్దె సైకిళ్ళ మీదే మోకాళ్ళు పగలగొట్టుకున్నాం. మామిడి సీజన్ వచ్చిందంటే ఆ కొట్టు ముందు జాతరే. తోటల నుంచి కాయ తెచ్చే సైకిళ్ళకు రెండు పక్కలా రెండు గంపలు, వాటి కింద నలిగే టైర్లు. పొద్దున్నే రోడ్డంతా ఎండుగడ్డి వాసన, మగ్గుతున్న రసాల వాసన, వాటి మధ్యలో పంక్చర్లకు పూసే సొల్యూషన్ వాసన. ఇప్పుడు ఎక్కడైనా ఆ సొల్యూషన్ వాసన తగిలితే నాకు చిన్నరసం తినాలనిపిస్తుంది. నవ్వితే నవ్వండి.

మేస్త్రి చదువుకోలేదు. అంకెలు మాత్రం వచ్చు. రిమ్మును టెంక అనేవాడు, టైరును కండ అనేవాడు. "టెంకకు తగ్గ కండ ఉండాలి. టెంక వెడల్పయ్యి కండ పల్చనైతే అది కాయా కాదు, చక్రమూ కాదు" అని అందరికీ చెప్పేవాడు. ఆ కొట్టుకు ఇంకో ఆచారం కూడా ఉండేది. ఎవరి సైకిలు బాగుచేసినా, ముందు మేస్త్రి దాన్ని ఎక్కి, కొట్టు ముందున్న దిగుడులో కల్వర్టు దాకా వెళ్ళి, తిరిగొచ్చాక గానీ చేతికిచ్చేవాడు కాదు. మాకేమో తొందర. ఆయన నిదానంగా పోయి నిదానంగా వస్తుంటే ఒళ్ళు మండిపోయేది.

అసలు కథ 1984లో జరిగింది. నేను డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీలో సైకిల్ పందెం పెట్టారు, నూజివీడు నుంచి హనుమాన్ జంక్షన్ దాకా. నా క్లాసువాడు శ్రీకాంత్ అందరికన్నా ముందు ఉండేవాడు, దేనికైనా సరే. ఈ ఒక్కదాంట్లో వాణ్ని ఓడించాలని నాకు పంతం. పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషిని కదా. ఒక లారీ డ్రైవరును బతిమాలి మద్రాసు నుంచి సన్నటి టైర్లు రెండు తెప్పించాను. సన్నటి టైరు రయ్యిన పోతుందని ఎవరో చెప్పారు. నా సైకిలుకు ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు. ఆ టైర్ల మీద కూడా ఇరవై ఎనిమిది అనే ఉంది. పందేనికి ముందు రోజు సాయంత్రం సైకిలూ టైర్లూ మేస్త్రికి అప్పగించి, పొద్దున్నే వస్తానని చెప్పి ఇంటికి పోయాను.

పొద్దున వెళ్ళేసరికి మేస్త్రి లేడు. రమణమ్మ నా సైకిలును చేత్తో నడిపించుకుంటూ, సీటు మీద బరువంతా వేసి నొక్కుతూ, కల్వర్టు వైపు నుంచి మెల్లగా ఎక్కి వస్తోంది. చక్రాలకు నా పాత లావు టైర్లే ఉన్నాయి. నేను రోడ్డు మీదే అరిచాను, ఎంతసేపు నడుస్తావని.

"ఆలస్యమైంది, ఏమనుకోకండి బాబూ. ఆ టైర్లు కుదర్లేదు," అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఎందుకని నేను అడగలేదు.

"చేతకాని కొట్టు, మాట నిలబెట్టుకోలేని కొట్టు" అని నోటికొచ్చినట్టు తిట్టాను. పందెంలో సైకిలంత తేడాతో శ్రీకాంత్ గెలిచాడు. ఆ నెలలోనే సైకిలు అమ్మేసి మోపెడ్ కొన్నాను. పదేళ్ళ పాటు ఆ కొట్టు ఛాయలకు పోలేదు. మేస్త్రి తోటలో చెట్టు మీంచి పడి మోకాలు విరగ్గొట్టుకున్నాడని తర్వాత ఎవరో అన్నారు. పాపం అనుకున్నాను, అంతే. ఆ మోకాలుతో ఆయన మళ్ళీ గొంతుక్కూర్చోలేకపోయాడు. బల్ల మీద కూర్చుని చెబుతుంటే రమణమ్మ పానా పట్టింది. ఊరంతా నవ్వింది, ఆడది సైకిళ్ళు బాగుచేయడమేంటని. ఆవిడ తొక్కడం కూడా నేర్చుకుని, చీర పైకి దోపి కల్వర్టు దాకా పోయి వస్తుంటే అరుగుల మీద వాళ్ళు ఈలలు వేసేవాళ్ళట. ఆవిడ వాళ్ళ సైకిళ్ళకే పంక్చర్లు వేసింది. మేస్త్రి పోయి ఎనిమిదేళ్ళైంది. కొట్టు మాత్రం ఆగలేదు.

ఇక ఈ మధ్య సంగతి. రిటైరయ్యాక డాక్టరు నడవమంటే, నడవడం నాకు చేతకాదని రోడ్డు సైకిలు కొన్నాను. మా అల్లుడు రవికిరణ్ విజయవాడలో సైక్లింగ్ క్లబ్బులో ఉన్నాడు. వాడు కార్బన్ చక్రాలు రెండు నాకు అంటగట్టాడు. నల్లగా నిగనిగలాడుతున్నాయి, చిటికెన వేలితో ఎత్తొచ్చు. ఆదివారం క్లబ్బు వాళ్ళతో కలిసి జి. కొండూరు దాకా రమ్మన్నాడు. "మామయ్యగారూ, ఈ రిమ్ములు బాగా వెడల్పు. మీ పాత టైర్లు ఇరవై అయిదు మిల్లీమీటర్లవి, వాటికి వేయకండి. ఇరవై ఎనిమిదివి పంపిస్తున్నా," అన్నాడు. పంపించాడు కూడా. ఆ ప్యాకెట్టు బీరువా మీద పడేశాను. ముసలాడికి చేతికర్ర, లావు టైరు, రెండూ ఒకటేనని నా లెక్క. కుర్రాళ్ళ ముందు సన్నటి టైర్ల మీద రయ్యిన పోవాలని నా ఆశ. అరవై దాటినా పందెం బుద్ధి పోలేదు.

శుక్రవారం సైకిలూ, ఆ చక్రాలూ, నా పాత సన్నటి టైర్లూ పట్టుకుని రమణమ్మ కొట్టుకు వెళ్ళాను. ఆవిడ రిమ్ము అంచుల మధ్య బొటనవేలు పెట్టి చూసింది. అంచు లోపలివైపు తడిమింది.

"ఇవి కుదరవు బాబూ."

"కుదరకపోవడమేంటి రమణక్కా? ఎక్కుతాయి. ఇంట్లో నేనే ఎక్కించి చూశా."

"ఎక్కుతాయి. ఎక్కడం వేరు, కుదరడం వేరు," అని ఒక టైరు ఎక్కించి, గాలి కొట్టి, నా ముందు తిప్పింది. "చూడండి. టైరు కన్నా రిమ్మే బయటికొచ్చింది. గుంటలో పడితే మొదటి దెబ్బ రిమ్ముకే. టైరుని రెండు పక్కలా సాగదీసి కూర్చోబెట్టినట్టుంది. పైగా ఈ అంచుకి లోపల టైరును పట్టి ఉంచే కొక్కెం కూడా లేదు, మా పాత రిమ్ముల్లాగే. మీరు గాలి గట్టిగా కొట్టి వంపులో తిప్పారనుకోండి, ఊడొస్తుంది. టెంక ఇంత, కండ ఇంతేనా? ఇరవై ఎనిమిది తెండి."

నాకు నవ్వొచ్చింది. "నీ ఇరవై ఎనిమిది చక్రం ఎత్తు, అంగుళాల్లో. ఇది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెంటికీ ముడిపెట్టకు," అన్నాను. తాతకు దగ్గులు నేర్పడమంటే అదే.

"తెలుసు బాబూ," అంది ఆవిడ. "ఇరవై ఎనిమిది అనే అంకెలో ఎన్నుంటాయో నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదు. నేను మాత్రం ఇవి ఎక్కించి ఇవ్వను."

అంతే, నా కోపం నెత్తికెక్కింది. "నలభై ఏళ్ళ క్రితం నీ మొగుడూ ఇంతే చేశాడు. మాటిచ్చి, పొద్దున్నే పాత టైర్లు మొహాన కొట్టాడు. ఇప్పుడు నువ్వు. ఈ కొట్టులో నా మాట ఒక్కసారైనా చెల్లిందా?"

రమణమ్మ చేతులు గుడ్డకు తుడుచుకుని లేచి, గోడకున్న టైర్లలో నుంచి ఒక సన్నటిది తీసింది. ఒక పక్క చీరుకుపోయి ఉంది. ఇన్నేళ్ళూ ఎన్నిసార్లు ఆ గోడ చూశానో, అది నా మద్రాసు టైరని మాత్రం గుర్తుపట్టలేదు. ఇంకో లావు టైరు తీసి, రెంటినీ ఒకే మేకుకు తగిలించింది.

"రెంటి మీదా ఇరవై ఎనిమిదే ఉంది, చూడండి. ఇప్పుడు కింద లోపలి అంచులు చూడండి."

చూశాను. సన్నదాని అంచు లావుదాని కన్నా పెన్సిలు మందం కిందకి దిగి ఉంది.

"పక్కనున్న చిన్న అంకె ఆయన చూళ్ళేదు. ఇరవై ఎనిమిది కనబడింది, ఎక్కించాడు. కొంచెం వదులుగా ఉందే అన్నాడు గానీ, మీకు మాటిచ్చాడుగా. గాలి కొట్టి, మన ఆచారం ప్రకారం ఎక్కి దిగుడులోకి పోయాడు. కల్వర్టు దగ్గర ముందు టైరు ఊడొచ్చింది. మోకాలు రాతికి కొట్టుకుంది."

"చెట్టు మీంచి పడ్డాడని కదా..."

"అలా చెప్పమన్నాడు. మీ నాన్నగారికి తెలిస్తే మిమ్మల్ని బతకనివ్వడని. ఆ కుర్రాడికి తెలిస్తే ఇంక సైకిలెక్కడే, వాడికి సైకిలంటే ప్రాణం అన్నాడు." ఆవిడ టైరును మళ్ళీ మేకుకు సర్దింది. "రిక్షాలో పడుకోబెడుతుంటే కూడా నాతో అన్నది ఒకటే మాట. పాత టైర్లు ఎక్కించి ఉంచు, పొద్దున్నే పిల్లాడొస్తాడు, పందెం ఉంది అని. అప్పటిదాకా నేను టైరు పట్టుకుని ఎరగను బాబూ. నేను ఎక్కించిన మొదటి టైర్లు మీవే. తొక్కడం రాదుగా, అందుకని బరువేసి నొక్కుతూ నడిపించుకుపోయి చూశా."

ఆ పొద్దున ఎర్రగా ఉన్న ఆ కళ్ళు, నేను అరిచిన అరుపులు, చేతకాని కొట్టు అన్న మాట, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. నాకు తెలియకూడదని ఆయన మోకాలు దాచుకున్నాడు. నేనేమో తెలియకుండానే, వట్టి కోపంతో, ఆ నెలలోనే సైకిలు అమ్ముకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఏడ్చాను కూడా. ఆ తొట్టె పక్కన, అరవై ఒక్క ఏళ్ళ మనిషిని.

"ఊరుకోండి బాబూ. ఆయన పడకపోతే నేను ఇప్పటికీ కాయలు ఏరుకుంటూ ఉండేదాన్ని," అంది రమణమ్మ. "పోయి ఇరవై ఎనిమిది పట్రండి."

ఇంటికి పోయి బీరువా మీది ప్యాకెట్టు దించి తెచ్చాను. చక్రాలతో పాటు వచ్చిన కాగితం కూడా అందులోనే పెట్టి పంపాడు అల్లుడు. ఇరవై ఎనిమిది కన్నా సన్నటి టైరు వాడరాదని అందులో అచ్చేసే ఉంది. ఆవిడ ఆ కాగితం చూడనే లేదు. టైర్లు ఎక్కించింది, గాలి నా అలవాటు కన్నా తక్కువే కొట్టింది, కాయను నొక్కినట్టు బొటనవేలితో నొక్కింది.

"ఇప్పుడు కండ పట్టింది," అంది.

చక్రాలు సైకిలుకు బిగించాక నేను హ్యాండిలు అందుకోబోతే ఇవ్వలేదు. కొట్టు ఆచారం ఉంది. ఈ సైకిలు ఎక్కడం ఇప్పుడు ఆవిడ వల్ల కాదు. అందుకని చేత్తో పట్టుకుని, సీటు మీద ఒళ్ళంతా వేసి నొక్కుతూ, దిగుడులోకి నడిచింది. కల్వర్టు దాకా పోయింది. అక్కడ ఒక్క నిమిషం ఆగింది. మళ్ళీ ఎక్కుతూ రావడం మొదలుపెట్టింది, ఆయాసపడుతూ, నాలుగడుగులకోసారి నిలబడుతూ.

ఆ రోజు నేను నిలబడి అరిచిన చోటే ఇప్పుడూ ఉన్నాను. ఇంక ఉండబట్టక దిగుడులోకి ఎదురు వెళ్ళాను.

"ఆలస్యమైందా బాబూ?" అంది రమణమ్మ, చెమట తుడుచుకుంటూ.

"నీది కాదక్కా, నాదే ఆలస్యం," అన్నాను. సైకిలు ఆవిడే పట్టుకుంది, నేను పక్కన నడిచాను.