మంచూరియా దగ్గర బాపు గొంతు

ఈ సాయంత్రం తమ్ముడికి కాబోయే అత్తమామలతో కలిసి మా మరమగ్గాల ఊరు కడోదరాలో చైనీస్ హోటల్‌కు వెళ్లాం. నాన్నను మేం బాపు అంటాం; నా భయమంతా ఆయన గొంతు గురించే. ఏళ్ల తరబడి మరమగ్గాల మోతలో పనిచేసిన మనిషి, మామూలు మాట కూడా అరిచే చెబుతాడు. కొత్తవాళ్లు కోపమనుకుంటారని దారి పొడవునా "జర మెల్లగ మాట్లాడు బాపూ" అని పోరాను. పాపం, సూప్ అయ్యేదాకా నోరే విప్పలేదు. మంచూరియా రాగానే మరిచిపోయాడు.

"బావా, జర గా సాస్ ఇటియ్యున్రి!"

హోటలంతా తిరిగి చూసింది. నేను తల దించుకున్నాను.

"ఏంది బావా, ఇంతసేపు మాట్లాడకపోతె మా సంబంధం నచ్చలేదనుకున్నం!" అని పెళ్లికూతురి తండ్రి అంతకంటే గట్టిగా అరిచాడు. ఆయనా మరమగ్గాల మనిషేనని నా కంగారులో మరిచేపోయాను.

కొట్లాట అనుకుని వెయిటర్ పరుగెత్తుకొచ్చాడు. నాకు మాత్రం అప్పుడే నూడుల్స్ రుచి తెలిసింది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి గొంతులున్నాయా? మా తమ్ముడి పెళ్లికైతే ఇక మైకు అక్కర్లేదు.