పదకొండు బర్రెల పేర్లంత సేపు

పోయిన మంగళవారం ఛత్రినాక నుంచి కార్వాన్‌కు ఆటోలో పోతూ పురానాపూల్ దగ్గర ఇరుక్కుపోయాను. ముందు ఒక లారీ, దాని నిండా గుండ్రటి వరిగడ్డి చుట్టలు, ఒక్కొక్కటీ నీళ్ల డ్రమ్మంత. వెనక వరసలో ఒక చుట్టకు నడుమ దగ్గర పురికొస జారిపోయి, గడ్డి పొట్ట పగిలినట్టు బయటికి వేలాడుతోంది. కట్టేటప్పుడు ఎవరో తొందరపడ్డారు అనుకున్నాను. ఇక నాకు సీట్లో కూర్చోబుద్ధి కాలేదు. దిగి ఆ కొసను ఒకసారి పట్టుకు చూద్దామని కాలు బయట పెట్టేసరికి డ్రైవరు అద్దంలోంచి చూసి, "కూసోండ్రి అమ్మా. మీరు దిగితే జామ్ ఖుల్తదా?" అన్నాడు. కూర్చున్నాను గాని కాలు ఊపడం మానలేదు. డెబ్బై దాటినా నాకు ఆగడం చేతకాదు. ఒకే ఒక్క పనిలో అది నేర్చుకున్నాను, నేర్పింది ఇలాంటి గడ్డి చుట్టలు కట్టే మిషను.

నా ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో కార్వాన్‌లో పొద్దు పాలక్యాన్ల చప్పుడుతో మొదలయ్యేది. మా ఇంటి వెనక దొడ్డిలో పదకొండు బర్రెలుండేవి. వాటి మేత కోసం మా నాయిన, ఆయన అన్న పెద్దబాపు కలిసి మూసీ దిగువన కొంత పొలం కౌలుకు చేసేవాళ్లు. అందరూ వడ్ల కోసం వరి వేస్తే మేము గడ్డి కోసం వేసేవాళ్లమని చుట్టుపక్కల రైతులు నవ్వేవాళ్లు. విడిగడ్డిని ఊళ్లోకి తేవడం పెద్ద యాతన, సగం దారి పొడుగునా రాలిపోయేది. అందుకే ఒక పాత పశువుల ఫారం మూతపడి సామాను వేలం వేసినప్పుడు, పెద్దబాపు ఈ మిషన్ పట్టుకొచ్చాడు. అప్పటికే అది ముసలిది. ఏ దేశంలో పుట్టిందో చెప్పే రేకు తుప్పుపట్టి, దాని మీద రెండక్షరాలే మిగిలాయి.

ఇవాళ్టి మిషన్లు ఎలా ఉంటాయో నాకు తెలియదు గాని, మాది మాత్రం మనిషి చేతిని నమ్ముకున్నది. ట్రాక్టరు లాగుతుంటే కింది పళ్లతో గడ్డిని ఏరుకుని, లోపల పట్టీల మధ్య చాపలా చుట్టుకుంటూ పోయేది. చుట్ట నిండగానే ట్రాక్టరును ఆపాలి, లోపలి చుట్ట మాత్రం తిరుగుతూనే ఉండాలి. అప్పుడు సీటు పక్కనున్న తాడును వదులుతుంటే, పురికొస పోసుకున్న సన్నటి గొట్టం ఈ చివర నుంచి ఆ చివరకు జరుగుతుంది. చేయి నెమ్మదిగా కదిలితే పురికొస దగ్గర దగ్గరగా చుట్టుకుంటుంది, తొందరపడితే ఎడం ఎడంగా నాలుగు వరసలు పడి ఊరుకుంటుంది. ఆ తర్వాత వెనక తలుపు తెరిస్తే చుట్ట దొర్లి కింద పడుతుంది. చెప్పుకుంటే ఇంతే.

ఆ ఏడు కోతలకు ముందు నాయిన కాలు విరిగింది. డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నాకు ట్రాక్టరు నడపడం ఆయనే నేర్పి ఉన్నాడు గనుక, వేరే దారిలేక మిషన్ నా చేతికొచ్చింది. అప్పట్లో నేను వారానికోసారి ఒక చర్చామండలికి పోయేదాన్ని. దేనికైనా కారణం అడగాలని, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలని అక్కడ నేర్పారు. కారణం అడగడం మాత్రమే వంటబట్టింది. నాయనమ్మ చక్రం కింద పెట్టడానికి నిమ్మకాయ తెస్తే, దానివల్ల చక్రానికి ఏమవుతుందో చెప్పమని నిలదీశాను.

"చక్రానికేం గాదు, నిమ్మకాయ పచ్చడైతది. గని నా పానం కుదుటవడ్తది గదనే," అన్నది నాయనమ్మ.

పానం కుదుటపడటానికి చక్రంతో పని లేదని చెప్పి, నిమ్మకాయ తీసి గట్టు మీద పెట్టి ట్రాక్టరు ఎక్కాను. మొదటి చుట్ట కింద పడగానే విడిపోయింది. రెండోదీ, మూడోదీ అంతే. సాయంత్రానికి చేను నిండా పరిచిన చాపల్లా గడ్డి, ఆకాశంలో మబ్బు, గట్టు మీద కూలీలు. పెద్దబాపు వాళ్లందరి ముందే అన్నాడు: "ముట్టు అంటు జూడకుండ ఆడిపిల్ల ఎక్కితే గిట్లనే అయితది. రేపొక్క దినం జూస్త. రేపు గూడ కట్టు నిలవకుంటే మిషన్ తుక్కులకు, నువ్వు ఇంట్లకు."

నాకు గడ్డి తడుస్తుందన్న దిగులు కన్నా, ఆ మాట నిజమని ఊరంతా నమ్ముతుందన్న మంట ఎక్కువ. నేను ఓడితే మా ఇంట్లో ఇక ఏ ఆడపిల్లనూ ట్రాక్టరు దగ్గరికి రానివ్వరు, దానికి సాక్ష్యంగా నన్నే చూపిస్తారు.

పొద్దున నాయిన స్నేహితుడు, పురానాపూల్‌లో మెకానిక్ షెడ్డు నడిపే చాచా స్కూటరు మీద వచ్చాడు. మిషన్ చుట్టూ ఒకసారి తిరిగి, "బీమారీ ఏం లేదు దీనికి," అంటూ ట్రాక్టరెక్కాడు. చుట్ట నిండగానే ఆపి, పెదవులు కదుపుతూ ఏదో దువా చదువుకుంటూ తాడు వదిలాడు. తలుపు తెరిస్తే చుట్ట బిగిసిన మద్దెలలా దొర్లింది. మూడు కట్టాడు, మూడూ నిలిచాయి.

పెద్దబాపు నావైపు తిరిగి, "జూసినవా? దేవుని పేరు లేకుంటే కట్టు నిలవదు. ఎవల దేవుడైతేంది," అన్నాడు. కూలీలు తలలూపారు.

నోటిదాకా వచ్చిన ఉపన్యాసాన్ని ఆ పూట మింగేశాను, ఎందుకంటే నా కళ్లు చాచా చేతి మీద ఉన్నాయి. దువాతో పాటు ఆ చేయి కదులుతోంది. దువా అయిపోయేసరికి గొట్టం అవతలి చివరకు చేరుతోంది. నేనేమో ముందురోజు ఎవరికి ఏం జవాబు చెప్పాలా అని ఆలోచిస్తూ ఒక్కసారిగా తాడు వదిలేసి, తలుపు తెరిచేశాను. చాచాను పక్కన కూర్చోమన్నాను. "మీరు చదువుండ్రి, తాడు నేను వదుల్త," అన్నాను. ఆయన చదివాడు, నేను ఆయన మాటల వెంట చేయి నడిపాను. కట్టు నిలిచింది.

ఆ తర్వాత ఆయన్ను దింపేసి నా నోటికి సరిపోయేది వెతుక్కున్నాను. ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు లెక్కపెడితే నా నోరు పరుగెత్తింది, చుట్ట విడిపోయింది. గట్టు మీద ఎవరో నవ్వారు. అప్పుడు మా బర్రెల పేర్లు అందుకున్నాను, పొద్దున పాలు పితికే వరసలో. ఒక్కో పేరుకు ఒక్కో ముఖం ఎదురొస్తుంది, తొందరపడదామన్నా కుదరదు. పదకొండో పేరు అనేసరికి గొట్టం చివరకు చేరింది. చుట్ట దొర్లి గట్టిగా నిలబడింది. తర్వాతదీ నిలిచింది. వాన పడేలోపు చేను ఖాళీ అయింది.

ఇక ఊరుకుంటానా? ట్రాక్టరు మీద నిలబడే అందరికీ విడమరిచి చెప్పాను. పని చేసింది దేవుడి పేరు కాదు, అది పట్టే సమయం. నిన్నటి తప్పు నా ఆడపుట్టుక కాదు, నా తొందర. చాచా నవ్వాడు. "సచ్ హై బేటీ. గీ సంగతి నాకు ఎన్నడో ఎరుకే. గని ఉత్తగ ఆగుమంటే ఎవడాగుతడు? దువా అంటే ఆగుతడు."

నాయనమ్మ మాత్రం పొంగిపోయింది. "బర్రెలంటే ఏమనుకున్నరు, లచ్చిమి అసుంటియి. వాటి పేర్లల్ల మైమ ఉండదా?" అన్నది.

ఆ మాటే నిలిచింది. మరుసటి ఏడు మా మిషన్ నేర్చుకోవడానికి వచ్చిన డ్రైవర్లందరూ తాడుతో పాటు ఆ పదకొండు పేర్లూ నేర్చుకున్నారు. ఒకాయన చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని "వంకరకొమ్ము" అనడం నేను స్వయంగా చూశాను. కోపంతో ఊగిపోయి వ్యాసం రాశాను, మండలిలో చదివాను, చప్పట్లు కొట్టారు. చేలల్లో మంత్రం మంత్రంగానే నడిచింది. పెద్దబాపు తన మాటను ఎన్నడూ వెనక్కి తీసుకోలేదు గాని, ఆ ఏడు నుంచి ట్రాక్టరు తాళంచెవి మగవాళ్ల గదిలోని మేకుకు కాక, నా పుస్తకాల పక్కన కిటికీలో ఉండేది.

ఇప్పుడు మా దొడ్డి ఉన్నచోట మూడంతస్తుల ఇల్లుంది. దొడ్లన్నీ ఊరి బయటికి పోయాయి. మిషన్ తుక్కులోకి పోయింది, చాచా షెడ్డులో ఫోన్లకు అద్దాలు అతికిస్తున్నారు. ఆటోలో కూర్చుని, ఆ జారిన పురికొసను చూస్తూ, ఆగలేక ఆ పేర్లే అందుకున్నాను. కర్రి, బొల్లి, చుక్క, మోతీ, వంకరకొమ్ము. ఆరోది రాలేదు. గౌరి, రాణి, పొట్టి, చాందిని, ముసలిది. మళ్లీ మొదటి నుంచి అన్నాను, మళ్లీ అక్కడే ఆగింది. ఎడమ చెవి చీలి ఉండేదని, నాయనమ్మ వీపు నిమిరితే గాని పాలు చేపేది కాదని గుర్తుంది. పేరు లేదు. చుట్టకు సరిగ్గా నడుమ పడే పేరు.

"ఏం జపం జేస్తున్నరమ్మా?" అన్నాడు డ్రైవరు. అలాంటి ప్రశ్న వేసినవాణ్ని నేను ఏనాడూ ఊరికే పోనిచ్చిన దాన్ని కాను. ఆ పూట మాత్రం వేళ్లు మడుస్తూ మళ్లీ కర్రి దగ్గర మొదలుపెట్టాను.

అడుగుదామంటే నాయనమ్మ లేదు, నాయిన లేడు, పెద్దబాపు లేడు, చాచా లేడు. మూసీ దిగువన ఎక్కడో, మా మిషన్ నడిపిన ముసలి డ్రైవరొకడికి ఆ పదకొండూ నోటికి ఉండే ఉంటాయి, అవి బర్రెలని కూడా మరిచిపోయి ఉంటాడు. ఆ మంత్రాన్ని వాళ్ల నోట్లోంచి తీసేయాలని ఏళ్ల తరబడి పోట్లాడాను. ఇప్పుడు వాళ్లలో ఒక్కడైనా దాన్ని పొల్లుపోకుండా చదువుతూ ఉంటే బాగుండునని ఉంది.