మునిమాపు పరీక్ష

రుక్కమ్మ నోటికి హుజూర్‌నగర్ సంతలో గొర్రెల బేరగాళ్లు కూడా జడిసేవారు. పెనిమిటి పోయాక మందను తానే మేతకు తోలుకుపోయి, తానే అమ్మి, తానే ఇల్లు నెట్టుకొచ్చింది. అంత గట్టి మనిషి, కూతురు నీల సంగతి వచ్చేసరికి మాత్రం పచ్చి అబద్ధాలు ఆడేది. ఎందుకు ఆడేదో తెలిస్తే ఆమెను తిట్టడానికి ఎవరికీ నోరు రాదు.

నీలకు ఎనిమిదేళ్లు. పగలంతా గంతులేసే పిల్ల, పొద్దు గూకేసరికి గోడ పట్టుకుని నిలబడిపోయేది. రేచీకటి. నీల కడుపున ఉన్నప్పుడు రుక్కమ్మకూ వచ్చింది, కాన్పయ్యాక పోయింది. పిల్లకూ అదే పోతుందిలే అని సర్దిచెప్పుకుంది. ఎవరికైనా చెబుదామంటే సంబంధం అడ్డం. తమ్ముడు గట్టయ్య కొడుకు బిక్షపతికి నీలను ఇవ్వాలని ఎప్పుడో అనుకున్నారు. గొర్రెలున్న ఇంట్లో కోడలి అసలు పని మునిమాపునే. మంద ఇల్లు చేరగానే గంపల కింద మూసిన గొర్రెపిల్లలను తీసి, ఏ పిల్లను ఆ తల్లి దగ్గర వదలాలి. తన పిల్ల కాకపోతే గొర్రె పొడిచి తరిమేస్తుంది. ఆ వేళకు చూపు ఆనని కోడలిని ఎవరు ఉంచుకుంటారు?

అందుకని రుక్కమ్మ కూతురికి చేతులతో చూడటం నేర్పింది. చెవి తడిమి, మూతి తడిమి, అరుపు విని ఇది ఫలానా గొర్రె పిల్ల అని చెప్పేదాకా వదల్లేదు. తప్పు చెబితే వీపు మీద ఒకటి వేసి, ఆనక తానే కూర్చుని ఏడ్చేది.

రజాకార్ల రోజులు పోయిన మరుసటి ఏడాది, హైదరాబాదు నుంచి జమున అనే డాక్టరమ్మ వచ్చింది. ఏ తిండి కరువై పిల్లలకు రేచీకటి వస్తోందో తెలుసుకోవాలని సూర్యాపేట మొదలు ఊరూరా తిరుగుతోంది. చూపు తగ్గిన పిల్లలకు చేపనూనె పట్టి, మునగాకు, తోటకూర తినమని చెప్పి, మళ్లీ వచ్చి చూసుకుంటుంది. గొర్రెలు కాసే ఇళ్లలోనే ఈ జబ్బేమిటని ఆశ్చర్యపోయింది. ఆశ్చర్యం ఏముంది? జీవాన్ని కోస్తే, చూపుకు బలమిచ్చే కార్జం దొర గడికి పోయేది, నెయ్యి సంతకు పోయేది. ఆకుకూర తింటే నామోషీ.

డాక్టరమ్మ ఈ ఊరు వచ్చిన రోజే గట్టయ్య లగ్గం మాట్లాడదామని పదేళ్ల కొడుకును వెంటబెట్టుకుని అక్క ఇంటికి వచ్చాడు. పొద్దు వాలుతుండగా డాక్టరమ్మ ఆ వాకిట్లోనే ఊరి పిల్లలను నిలబెట్టింది. రుక్కమ్మ చప్పున ముందుకొచ్చింది.

"కొత్త పని పెడితే పోరగాండ్లు బెదురుతరు డాక్టరమ్మా. గొర్రెపిల్లను పట్టి తల్లికాడ ఇడిసిపెట్టుమను. కండ్లు కనవడకుంటే గా పని అయితదా?"

డాక్టరమ్మకు ఆ మాట నచ్చింది. కొందరు పిల్లలు వేరే గొర్రె దగ్గరికి పోయి పొడిపించుకున్నారు. నీల గంప ఎత్తి, పిల్లను తడిమి, తల్లి అరుపు వచ్చిన వైపు నేరుగా నడిచి వదిలింది.

"గదీ నా కోడలంటే!" అని గట్టయ్య తొడ చరిచాడు.

"ఈ అమ్మాయి కళ్లు బాగున్నాయి" అని డాక్టరమ్మ నీలను పక్కకు పంపేసింది. పరీక్ష తప్పిన పిల్లలకు నూనె పడుతూ తల్లులతో అంది: "ఇప్పుడే తెలిసింది, నయం. వదిలేస్తే కన్ను ఎండిపోతుంది, నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేస్తుంది. ఆ తర్వాత పట్టపగలు కూడా కనిపించదు. దానికి నా దగ్గర మందు లేదు. పొద్దున్నే నేను కోదాడ పోతున్నా."

రుక్కమ్మ కూతురి మొహం పట్టుకుని చూసింది. కళ్లలో తడి మెరుపు లేదు. అవతల డాక్టరమ్మ సీసాకు మూత పెడుతోంది. చెబితే సంబంధం పోతుంది. చెప్పకపోతే కళ్లు పోతాయి.

"జర ఆగు డాక్టరమ్మా," అంది. "నా బిడ్డకు పొద్దుగూకితే ఏం కనవడదు. చేతులతోని నేర్పిన. నిన్ను మోసం జేసిన." తమ్ముడి వైపు తిరిగింది. "నిన్ను గూడ మోసం జేసిన తమ్మీ. నీ కొడుక్కు వేరే పిల్లను సూసుకో."

డాక్టరమ్మ నీలను దగ్గరకు తీసుకుని నోట్లో నూనె పోసింది. గట్టయ్య మంచం మీద నుంచి లేచాడు. వెళ్లిపోతున్నాడనుకుని రుక్కమ్మ తల వంచుకుంది.

గట్టయ్య తన కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. "గీడ గంప ఉన్నది, గీడ గుంజ ఉన్నది" అని మెల్లగా చెబుతూ వాకిట్లోకి నడిపించుకొచ్చి, నీల వెనక నిలబెట్టాడు.

"మావోనికి గూడ పొద్దుగూకితే సూపు లేదు, లేకున్నా నీ బిడ్డ ఇల్లు సక్కవెడ్తదని లగ్గం తొందర జేసిన అక్కా," అన్నాడు. తర్వాత డాక్టరమ్మకు చేతులు జోడించాడు. "వీనికి గూడ పట్టు తల్లీ."