గేటు వైపు తిప్పిన పళ్లెం

మా బడిలో రూల్స్‌కి కొదవ లేదు. అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి. పిల్లలకు వడ్డించేముందు ఒక టీచరు రుచి చూడాలి. గుడ్డు పెట్టిన రోజు ఆ గుడ్డు అక్కడే తినాలి, ఇంటికి పట్టుకుపోకూడదు. ఒకసారి సంచిలో మురిగిపోయిన గుడ్డు తిని ఎవరికో వాంతులైతే, పెద్దసారు పెట్టిన రూలది. అన్నాల వేళ తల్లిదండ్రులు గేటు దాటి రాకూడదు. తిన్నాక ఖాళీ పళ్లెం డ్యూటీ టీచరుకు చూపించి, అప్పుడే కుళాయి దగ్గరికి పోవాలి. ఆ డ్యూటీ ఎప్పుడూ నాకే పడేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని స్టాఫ్ రూములో పేరు. ఉంటే ఉంది. వరండా నిండా పిల్లలు, పారబోసిన పప్పు మీద ఈగలు, మెత్తగా మాట్లాడితే పని జరుగుతుందా?

బడి శామీర్‌పేట చెరువుకు అవతల ఉంటుంది. నేను మచ్చబొల్లారం నుంచి బస్సు, ఆటో మారి వెళ్తాను. మా నాన్న ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. ఇన్నేళ్లయినా మా ఇంట్లో మాట అక్కడిదే. అందుకే బడి పిల్లలు వెనకాల నన్ను వెక్కిరిస్తారు. నాకు వినపడదనుకుంటారు, పిచ్చి మొహాలు.

రెండో తరగతిలో ఒక పిల్ల ఉండేది. వాళ్లమ్మ బడికి ఎదురుగా ఉన్న ఆకుకూరల మళ్లలో కూలికి వచ్చేది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే తలకు కట్టుకున్న తువ్వాలతో, బురద చేతులతో వచ్చి గేటు బయట నిలబడేది. లోపలికి రానివ్వమని ఏనాడూ అడగలేదు. పిల్ల తినడం పూర్తికాగానే లేచి, నాకు చూపించాల్సిన పళ్లెం ముందు గేటు వైపు తిప్పేది. "సూసిన బిడ్డా, ఇగ పోయి కడుక్కో" అనేది తల్లి. ఆ తర్వాతే పిల్ల నా దగ్గరికి వచ్చేది. నాకు ఒళ్లు మండేది. డ్యూటీ నాదా, ఆవిడదా? ఒకట్రెండుసార్లు పిల్లను కసిరాను కూడా. తల్లి నవ్వేసి మళ్లలోకి వెళ్లిపోయేది.

వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. మేడ్చల్ ఆసుపత్రికి తీసుకెళ్లారు, అక్కడి నుంచి గాంధీకి పంపారు. ఇంటికి శవమే తిరిగి వచ్చింది. తండ్రి అంతకుముందే వీళ్లను వదిలేసి వెళ్లాడు. పిల్లకు మిగిలింది ముసలి అమ్మమ్మ. ఆమెను పిల్ల అవ్వ అనేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం.

కర్మకాండ ముగిశాక పిల్ల బడికి వచ్చింది. మొదటి రోజు అన్నం తిని లేచి, అలవాటుగా పళ్లెం గేటు వైపు తిప్పింది. గేటు బయట ఎవరూ లేరు. పిల్ల మాత్రం కదల్లేదు. ఏదో మాట కోసం చూస్తున్నట్టు అలాగే నిలబడింది. చివరికి నేనే వెళ్లి చెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆ తర్వాత అసలు తినడమే మానేసింది. అన్నం కెలికేది, పక్కనున్న పిల్లల పళ్లేల్లోకి తోసేది. గుడ్డు పెట్టిన రోజు మాత్రం దాన్ని గౌను జేబులో దాచేది. ఒకసారి పట్టుకుని, ఎదురుగా కూర్చోబెట్టుకుని తినిపించాను. అంతా కక్కేసింది. వంటశాల రేకుల మీద ఒక కాకి వాలి అరిచినప్పుడల్లా పిల్ల చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయేది. మెడ ఎముకలు బయటపడుతున్నాయి. పిల్ల ఇలాగే ఉంటే తల్లి దారే పడుతుందని వంటామె మెల్లగా అంది. నోర్మూసుకోమన్నాను. అన్నానే గాని, నాకూ అదే భయంగా ఉంది.

పెద్దసారుతో చెబితే ఆరోగ్య కేంద్రం నుంచి నర్సును పిలిపించారు. ఆమె బలానికి మందు ఇచ్చింది. గుడ్డు ఇంటికి పంపే మాట మాత్రం ఎత్తొద్దన్నారు సారు. ఒక్కరికి వదిలితే అందరూ అడుగుతారన్నారు. నిజమే, నేనైనా అదే అనేదాన్ని.

ఒక సాయంత్రం పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన అవ్వను గేటు దగ్గర ఆపి గట్టిగా అడిగాను. పిల్ల ఎండిపోతోంది, గుడ్డు ఎవరి కోసం దాస్తోంది, ఇంట్లో ఏం జరుగుతోందని. అవ్వ పిల్లను కొంచెం దూరం పంపి, గోడకు ఆనుకుని కూలబడింది.

"పిట్ట ముట్టలే టీచరమ్మా" అంది.

ఈ వైపు మనిషి పోతే, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి పిట్టకు పెడతారు. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా వెళ్లినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. పిల్ల తల్లికి అన్నం, చేపల కూర, కల్లు అన్నీ పెట్టారట. కాకులు తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి గాని ఒక్కటీ దిగలేదట. ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా చూసి, అంతా చెరువులో కలిపి వచ్చేశారట. గుంపులో ఎవరో, దానికి గుడ్డంటే ప్రాణం, అది మరిచిపోయారు గదా అన్నారట. పిల్ల ఆ మాట పట్టుకుంది. గుడ్డు దొరికిన రోజల్లా చెరువు కట్ట మీద పెట్టి వస్తోంది. కాకి ముట్టడం లేదు. అమ్మ ఆకలితో ఉంటే తనెలా తింటుంది?

నాకు కోపం వచ్చింది. పసిదాని ముందు ఆ మాటలేంటి, ఈ కాలంలో ఇవేం నమ్మకాలని అరిచాను. అవ్వ అంతా విన్నది.

"గుడ్డు గాదమ్మా. అన్ని పెట్టినం, మాట ఒక్కటే పెట్టలే. పిల్లను నేను సూసుకుంట అని గంత మందిల ఒక్కలు నోరు ఇప్పలే. గా మాట ఇనకుంట అదెట్ల ముడతది?"

ఆ మాట మీరే ఇవ్వచ్చుగా అన్నాను.

"నేను ఇయ్యాల్నో రేపో పొయ్యేదాన్ని. నా మాట నమ్ముతదా?"

ఆ ఆదివారం పొద్దున్నే ఇంట్లో గుడ్డు ఉడకబెట్టుకుని వెళ్లాను. బడి గుడ్డు కాదు కాబట్టి ఏ రూలూ తప్పలేదని నాకు నేనే చెప్పుకున్నాను. చెరువు కట్ట మీద విస్తరాకులో గుడ్డు ఒలిచి, రెండుగా చీల్చి పెట్టి అవ్వ, పిల్ల, నేను ముగ్గురం వెనక్కి జరిగి నిలబడ్డాం. తుమ్మ మీద కాకులున్నాయి. ఒక్కటీ కదల్లేదు. పిల్ల నా కొంగు పట్టుకుంది. ఇక నావల్ల కాలేదు. బడిలో పిల్లల్ని అదిలించే గొంతుతోనే, నీ కూతురు అన్నం తినేలా నేను చూసుకుంటాను, నా కళ్లతో చూస్తాను, ఇక నువ్వు తిను అన్నాను.

ఒక కాకి దిగింది. ఆకు చుట్టూ ఒకసారి తిరిగి, పచ్చసొన పొడిచి తీసుకుని ఎగిరిపోయింది.

"అమ్మ తిన్నది" అంది పిల్ల.

మర్నాటి నుంచి పిల్ల తినడం మొదలుపెట్టింది. బడిలో అందరూ సంతోషించారు. నాకే భయం పట్టుకుంది. కాకికి ఆకలేసి దిగిందని ఎన్నిసార్లు చెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు. నా మాట ఎవరో విన్నారు, విని పుచ్చుకున్నారు. రోజూ ఆ పిల్ల పళ్లెం చూసేదాకా నాకు ముద్ద దిగేది కాదు.

చలికాలం వెళ్లకముందే అవ్వ మంచం పట్టింది. దుండిగల్‌లో ఉండే పిల్ల చిన్నమ్మ వచ్చి, టీసీ తీసుకుని, పిల్లను తనతో పాటు తీసుకెళ్లింది. మంచిదే, సొంత మనిషి. కాదనడానికి నేనెవరిని? కానీ మర్నాడు మధ్యాహ్నం వంటశాల రేకుల మీద కాకి వాలింది. ఆ మర్నాడూ వాలింది. కాకులు రోజూ వాలేవే, నాకు తెలియదా? అయినా నా అన్నం డబ్బా మూత తీస్తే చెయ్యి ఆడేది కాదు. నా కళ్లతో చూస్తానన్నానుగా. ఎక్కడ చూస్తున్నాను? ఇంట్లోవాళ్లు డాక్టరుకు చూపించుకోమన్నారు.

ఒక రోజు సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, షేర్ ఆటోలో ఇరుక్కుని ఆ పిల్ల కొత్త బడికి వెళ్లాను. అప్పుడే అన్నాల బెల్లు కొట్టారు. గేటు దగ్గర ఆయా ఆపింది. పిల్లలు తినే వేళ బయటివాళ్లను రానివ్వరట, సార్ల ఆర్డరట. నేనూ టీచర్నే అన్నాను. ఎవరైనా అంతే అంది. ఎంతమందిని నేనలా ఆపలేదు! గేటు కడ్డీలు పట్టుకుని నిలబడ్డాను.

పిల్ల వరండా చివర కూర్చుని ఉంది. కాస్త ఒళ్లు చేసింది. గుడ్డు ముందు తింది, తర్వాత అన్నం. మెతుకు మిగల్చలేదు. అక్కడ పళ్లెం చూపించే రూలు లేదనుకుంటా, మిగతా పిల్లలు తినగానే కుళాయికి పరుగెత్తుతున్నారు. ఈ పిల్ల లేచి, పళ్లెం గేటు వైపు తిప్పి నిలబడింది. నన్ను చూసి కాదు. తలెత్తకుండానే తిప్పింది. అంటే ఇక్కడికి వచ్చాక కూడా రోజూ ఇలాగే నిలబడుతోందన్నమాట.

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. చూశానమ్మా అని చెబుదామని నోరు తెరిచాను.

"సూసిన బిడ్డా, ఇగ పోయి కడుక్కో" అన్నాను.

మా ఇంట్లో ఎవరం ఎవరినీ బిడ్డా అని పిలవం. పుట్టి బుద్ధెరిగాక ఆ మాట నా నోట ఎన్నడూ రాలేదు. పిల్ల తలెత్తి చూడలేదు, ఆశ్చర్యపోనూ లేదు. తలూపి కుళాయి దగ్గరికి పోయింది.