మిగ్ మీద మసి

మా ఇంట్లో దొంగ పడ్డాడని నాకు మొదట అనుమానం వచ్చింది ఒక మంగళవారం పొద్దున. బీరువా భద్రంగానే ఉంది. సెల్‌ఫోన్ ఉంది. ముందురోజు తెచ్చిన హల్వా డబ్బా కూడా, నేను ఖాళీ చేసిన మేర తప్ప, చెక్కుచెదరలేదు. పోయిందల్లా మురికి. నా సొంత మురికి. ఊపిరి బిగబట్టి, సన్న కుంచెతో, నా చేతులారా పూసుకున్న మురికి.

సంగతేమిటంటే, నేను యుద్ధ విమానాల బొమ్మలు కడతాను. డబ్బాలో ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి. వాటిని కత్తిరించి, అతికించి, రంగు వేస్తే విమానం. అక్కడితో ఆపేసేవాళ్లు పిల్లలు. నాలాంటి ముదుర్లకి అసలు పని అప్పుడే మొదలవుతుంది. తళతళలాడే ఆ కొత్త విమానం మీద ఎండా వానా ఏళ్ల తరబడి పడినట్టు కనిపించాలి. తోక దగ్గర పొగచూరాలి. రెక్క మొదట్లో బూట్ల మరకలు పడాలి. పొట్ట కింద నూనె కారినట్టు చారలుండాలి. రంగు సుద్దలు నూరి, ఆ పొడి అద్ది, ఒక్క చార సరిగ్గా రావడానికి నేను పడ్డ శ్రమతో కృష్ణ మీద ఇంకో బ్యారేజీ లేచేది.

పైగా ఇది మామూలు విమానం కాదు, మా మావగారి మిగ్-21. ఆయన వాయుసేనలో మెకానిక్‌గా చేసి, రిటైరై గుడివాడలో స్థిరపడ్డారు. వాళ్ల హాల్లో ఒక ఫొటో ఉంది. అందులో ఆయన నూనె గుడ్డ భుజాన వేసుకుని, ఆ విమానాన్ని తానే కన్నట్టు దాని పక్కన నిలబడి ఉంటారు. తోక మీద నెంబరు స్పష్టంగా కనిపిస్తుంది. ఆ నెంబరే నా జానెడున్నర మిగ్ మీదా వేశాను. ఎందుకంటే, పెళ్లయిన దగ్గర్నుంచీ నేను చేసిన ఏ పనినీ ఆయన "బాగుంది" అనలేదు. ఉద్యోగం వస్తే "ఊఁ" అన్నారు. ఇల్లు కడితే "ఊఁ" అన్నారు. పత్రికల్లో నేను రాసే హాస్యం చదివాక ఆ "ఊఁ" కూడా మానేశారు.

ఇప్పుడాయన కంటి శుక్లం ఆపరేషన్‌కి బందరు వచ్చి మా ఇంట్లోనే ఉన్నారు. అత్తగారు గేదెను ఒంటరిగా వదలలేక రాలేదు. ఆదివారం ఆయన తిరిగి వెళ్లేలోపు ఆ విమానం చేతిలో పెట్టి, "బాగుంది" అనిపించుకోవాలి. లేకపోతే ఈ జన్మకి ఇంతే.

తీరా చూస్తే తోక దగ్గర పొగ పలచబడింది. బుధవారానికి ఎడమ రెక్క మీద బూటు మరకలు మాయం. పైన వార్నిష్ పూత వేసుంటే ఈ గొడవే ఉండేది కాదు. కానీ మా ఊరి సముద్రపు గాలికి వార్నిష్ ఆరదు, తెల్లగా పొగమంచు పట్టినట్టు పాడవుతుంది. తేమ తగ్గాక వేద్దామని, పైన పెడన కలంకారీ గుడ్డ ఒకటి కప్పి పెట్టాను. ఎవడో ఆ గుడ్డ తీస్తున్నాడు, పని కానిస్తున్నాడు, మళ్లీ మడత కూడా చెదరకుండా కప్పుతున్నాడు. దొంగకి ఇంత పద్ధతి ఉండడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

మొదట మా ఆవిణ్ని అనుమానించాను. ఏ భర్త అయినా అక్కణ్నుంచే మొదలుపెడతాడు.

"నా మురికి తుడిచావా?"

"దుమ్ము కొనుక్కొచ్చి మరీ పూసుకునే మనిషిని లోకంలో మిమ్మల్నే చూశానండీ. అది పోయిందని ఏడ్చే మనిషిని కూడా మిమ్మల్నే చూస్తున్నా. నాన్నగారి కంటికి తెచ్చిన దూది అప్పుడే అయిపోయింది. ఆ విచారణేదో వీధి చివర మెడికల్ షాపులో చేసుకుని, అలాగే ఇంకో కట్ట తెండి."

దూది తెచ్చాను. విచారణ మాత్రం మా బావమరిది మీదికి మళ్లించాను. అతనికి అవనిగడ్డలో సెల్‌ఫోన్ల షాపు. పాలకాయతిప్ప రేవు నుంచి వచ్చిన చేపలు పట్టుకుని రెండు రోజులకోసారి తండ్రిని చూడ్డానికి వస్తున్నాడు. కిందటి వారం నా మిగ్‌ని చూసి, "బావా, దీన్ని మా షాపు అద్దాల్లో పెడితే అదిరిపోద్ది, కాకపోతే కాస్త కడగాలి" అన్నాడు. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టుకి కావాలి? ఫోన్ చేసి నిలదీశాను.

"నేనా? ఇంటికెళ్తే చేప పొలుసు కూడా తీయనని మీ చెల్లెలు రోజూ తిడతది. మీ విమానం తోమడానికి బస్సెక్కి బందరు దాకా వస్తానా బావా? బీపీ బిళ్ల వేసుకున్నారా పొద్దున?"

నవ్వాడు. ఆ నవ్వు కూడా నాకు అనుమానంగానే వినిపించింది.

ఇక లాభం లేదని గురువారం భోజనాలయ్యాక, పెడన వెళ్తున్నానని వీధంతా వినపడేలా చెప్పి బయటపడ్డాను. ఒక టీ తాగి, వెనక సందులోంచి వచ్చి, మా పెరటి గోడ దూకాను. దూకడమంటే ఏముంది, గోడ నన్ను కాసేపు ఒళ్లో కూర్చోబెట్టుకుని, జాలిపడి ఇవతలికి దింపింది. చప్పుడు కాకుండా నా గది కిటికీలోంచి తొంగిచూశాను.

కుర్చీలో మావగారు. ఒళ్లో తుండుగుడ్డ, దాని మీద వెల్లకిలా నా మిగ్. ఆపరేషన్ చేసిన కన్ను దానికి దగ్గరగా పెట్టి, నల్లకళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, తడి దూదితో పొట్ట కింద నూనె చారలు ఒక్కొక్కటే తుడుస్తున్నారు. ఎంత మెత్తగా తుడుస్తున్నారంటే, తలుపు తీసుకుని లోపలికి వెళ్లేసరికి నా కోపం సగం అయిపోయింది.

"ఏవిటి మావయ్యగారూ ఇది?"

ఆయన ఉలిక్కిపడలేదు. "ఆ మాట నేనడగాలి అల్లుడుగారూ. ఈ నెంబరు ఎక్కడిది?"

"మీ ఫొటోలోదేనండీ."

"అంటే తెలిసే చేశారన్నమాట." కళ్లజోడు దించారు. "మీరు హాస్యం రాస్తారు. నా మీసం మీద రాశారు, ఊరుకున్నాను. నా గొడుగు మీద రాశారు, గుడివాడలో ఆ గొడుగు వేసుకోవడం మానేశాను. ఇప్పుడు నా విమానానికే మసి పూశారు. దీన్ని నలుగురిలో పెట్టి, మా మావగారి పనితనం ఇదీ అని నవ్విద్దామనా?"

మూడు రోజులుగా ఇంట్లో అందర్నీ నేనే అనుమానిస్తున్నాననుకున్నాను. పక్క గదిలో మంచం మీద పడుకుని ఆయన నన్ను అనుమానిస్తున్నారు. హాస్యం రాసేవాడు ప్రమాణం చేసినా ఎవరు నమ్ముతారు?

"అది కాదండీ. బాగా పనిచేసిన విమానం అని తెలియాలని బొమ్మలు కట్టేవాళ్లం అలా పూస్తాం. మీకిద్దామనే చేశాను."

నన్ను ఎగాదిగా చూశారు, కొత్త కన్ను సరిగ్గా పనిచేస్తోందో లేదో నా మొహం మీదే పరీక్షిస్తున్నట్టు.

"పనిచేసే విమానం మాస్తుంది, నిజమే. కానీ మాసింది మాసినట్టు నా చేతుల్లోంచి ఎప్పుడూ వెళ్లలేదు. ఎక్కేవాడు మళ్లీ దిగుతాడో లేదో మాకు తెలియదు. ఎక్కేటప్పుడన్నా శుభ్రంగా ఉండాలిగా."

నెలల తరబడి పూసిన మురికి వైపు ఒకసారి ఆశగా చూసుకుని, థిన్నర్ సీసా, ఇంకొంచెం దూది తెచ్చి ఆయన పక్కన నేల మీద కూర్చున్నాను. ఆయన రెక్కలు తీసుకున్నారు, తోక నాకు వదిలారు. మా ఆవిడ కాఫీ పట్టుకొచ్చి, గుమ్మంలో ఆగి చూసి, గ్లాసుల పక్కనే మిగిలిన దూది కట్ట కూడా పెట్టి వెళ్లిపోయింది.

చివరికి చక్రం మడుచుకునే గుంత వెనకాల ఒక్క చార మిగిలింది. నా దూది అక్కడికి వెళ్లబోతుంటే చెయ్యి పట్టుకున్నారు.

"అది ఉంచెయ్యవయ్యా. అక్కడ ఎంత తుడిచినా కారేది. వెధవ రబ్బరు సీలు, ఎన్ని మార్చామో."

ఆదివారం గుడివాడ రైల్లో విమానాన్ని అట్టపెట్టెలో పెట్టనివ్వలేదు, ఒళ్లోనే పెట్టుకున్నారు. దింపి వద్దామని నేనూ వెళ్లాను. ఎదుటి సీటాయన ముచ్చటపడి అటూ ఇటూ చూసి, "అంతా బానే ఉంది గానీ, ఇక్కడ మరక తుడవడం మర్చిపోయారండీ" అన్నాడు.

"మర్చిపోవడం కాదు" అన్నారు మావగారు, కిటికీలోంచి చేలు చూస్తూ. "అసలు దానికీ అక్కడే కారేది. మా అల్లుడు చూసి వేశాడు."

నేనేం చూడలేదు. చెయ్యి జారి అక్కడ రంగు పడితే, పోనీలే అని చారగా లాగాను. మరి ఆ సీలు నిజంగానే కారేదో, నేల మీద కూర్చుని దూది పట్టుకున్న నా అవతారం చూసి అప్పటికప్పుడు కార్పించారో, అడిగే ధైర్యం నాకు లేదు. ఆయన మొహంలోకి చూశాను. నల్లకళ్లజోడు పెట్టుకుని ఉన్నారు.