అరకు జీపుల వరసలో నిద్ర లేని డ్రైవరు

డిసెంబరు 2007, ఆదివారం. మా మనవరాలు సుధ రేపు తన కంపెనీకి జవాబు ఇవ్వాలి. అరకు వెళ్ళివచ్చాక ఆ జవాబు మారిపోయింది కనుక ఈ రోజే రాస్తున్నాను. సుధ చవక టికెట్ల విమాన సంస్థలో కోపైలట్. పోయిన నెల ఒకే రోజు మూడు విమానాలు నడిపాక, కళ్ళు మూతపడుతున్నాయి, నాలుగోది నడపలేనని చెప్పింది. సంస్థ దాన్ని డ్యూటీ ఎగ్గొట్టడంగా రాసుకుని, క్షమాపణ పత్రం ఇవ్వకపోతే ఉద్యోగం ఉండదంది. సంతకం పెట్టమన్నది నేనే. ముప్పై ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేసినదాన్ని, పైవారి మాట దాటడం నాకు నచ్చదు. పిల్ల మనసు కాస్త కుదుటపడుతుందని ఇద్దరం బయలుదేరాం.

శుక్రవారం ఉదయం ఏడుకు ముందే విశాఖలో కిరండోల్ పాసింజరు ఎక్కి, పదకొండు దాటాక అరకులో దిగాం. మర్నాడు పాడేరు మీదుగా తిరిగి వద్దామని ఏడున్నరకు అటు వెళ్ళే జీపుల దగ్గరికి వెళ్ళాం. మనిషికి పాతిక రూపాయలు. జీపు నిండాలి, మంచు విడవాలి, అప్పుడే కదులుతుంది. వరసలో మొదటి జీపు సోమన్న అనే డ్రైవరుది. తొమ్మిదికి నిండింది. అతను తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"నాను ఎల్లలేను. నిన్న పొద్దుట్నించీ స్టీరింగు మీదే ఉన్నాను. నిద్ర నేదు."

ముందు సీట్లో మిరియాల మూటతో కూర్చున్న షావుకారు ఒప్పుకోలేదు. "ఏటిరా సోమన్నా, కొత్త పెళ్ళికొడుకువా? బేగి తియ్యి, యాభై ఎక్కువిస్తాను."

"యాభైకి ఘాటీలో మలుపులు తగ్గుతాయేటి బాబూ?"

అందరూ నవ్వారు. రెండో డ్రైవరు అప్పటికే మా సామాను తన జీపులోకి మారుస్తున్నాడు. సోమన్న జీపు పక్కకు తీసి, అది నిలిచిన చోట ఒక రాయి పెట్టి, వెనక సీట్లో పడుకున్నాడు.

"పాపం, అతని వరస పోయినట్టేనా?" అని రెండో డ్రైవరును అడిగాను.

"పోవడమేటి మామ్మా? లేసినాక ఆ రాయి కాడికే వత్తాడు. ముందు వరస ఆడిదే. ఎవులూ దాటరు."

"నిద్ర లేదని అబద్ధం చెబితే?" అంది సుధ.

"సెప్పనీ. తొంగుంటే డబ్బులొత్తాయేటి? నిజం సెప్పినోడి వరస పీకేస్తే రేపు ఎవుడూ సెప్పడు గుంటా. కునుకుతానే తోల్తాడు. అప్పుడు అందరం లోయలోనే."

ఇరవై ఆరేళ్ళ పైలట్‌ను చిన్నపిల్లను పిలిచినట్టు గుంటా అన్నందుకు సుధ నవ్వింది. నెల రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను. కాఫీ తోటల మధ్య రెండు గంటల దారి. సగంలో నా చెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, సంతకం పెట్టను," అంది.

"పెట్టకు. నేను చెప్పింది తప్పు," అన్నాను.

ఆ డ్రైవర్లకు నియమాల పుస్తకం లేదు, తనిఖీకి వచ్చే అధికారి లేడు. అయినా చేతకాదన్నవాడికి నష్టం రాకుండా మిగిలినవాళ్ళు కాపలా కాస్తున్నారు. సుధ సంస్థలో పుస్తకమూ ఉంది, తనిఖీలూ ఉన్నాయి, ఆ కాపలా ఒక్కటే లేదు. ఇటు వచ్చేవారికి నా సలహా ఒకటే: ఎక్కే ముందు డ్రైవరును నిద్రపోయావా అని అడగండి. లేదని అతనంటే బేరమాడక వేరే జీపు చూసుకోండి.

ఇక జరగవలసినవి:

1. రేపు పదింటికి సుధ క్షమాపణ పత్రం కాక, జరిగింది జరిగినట్టు రాసి, ఆ రోజు డ్యూటీ గంటలతో సహా ఇవ్వాలి.
2. దాని నకలు విమాన భద్రత చూసే అధికారులకు రిజిస్టర్డు పోస్టులో వెళ్ళాలి.
3. తామూ అలాగే అలసిపోతున్నామని సుధకు ఫోనులో చెప్పిన ముగ్గురు పైలట్లు కాగితం మీద కూడా చెబుతారేమో అడగాలి.
4. ఉద్యోగం పోతే, సంతకం వద్దన్నది నేనేనని సుధ అమ్మకు నేనే చెప్పాలి.